ఇంజన్ మంటకి ఫైర్ బాటిల్ నిజంగా పనిచేస్తుందా? మొదట్నుంచి టెస్ట్ ఎలా చేయాలి

సునాబెడ, కోరాపుట్, జయపురం సైడు తెలుగోళ్ళ ఇళ్ళల్లో విమానం ఇంజన్ల మాట కొత్తేం కాదు. సునాబెడలో హెచ్‌ఏఎల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) ఇంజన్ డివిజన్ 1960ల నుంచీ ఉంది, మిగ్ ఇంజన్లు చేశారు, తర్వాత సుఖోయ్ 30 ఇంజన్లు చేశారు, విజయనగరం శ్రీకాకుళం నుంచి వచ్చి అక్కడే స్థిరపడిపోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి, ఇప్పుడు వాళ్ళ పిల్లలు, రాయగడ గుణుపురం బరంపురం పిల్లలు కూడా, ఏఎంఈ, అంటే విమానాల మెయింటెనెన్స్ ఇంజనీరింగ్ చదువులకి పోతున్నారు. ఈ పిల్లలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. ఫైర్ బాటిల్ (ఇంజన్ మంట ఆర్పే గ్యాస్‌ని ప్రెషర్‌తో నింపి విమానంలో పెట్టే సిలిండర్) గేజ్ గ్రీన్‌లో ఉంది, టెస్ట్ స్విచ్ నొక్కితే లైట్ వెలిగింది, మరి ఇంజన్‌లో మంట వస్తే ఆరిపోయినట్టే కదా అని.

కాదు. గేజ్ చెప్పేది బాటిల్లో ప్రెషర్ ఉందని, లైట్ చెప్పేది వైరు తెగిపోలేదని, అంతే. ఆ గ్యాస్ పైపుల్లోంచి పోయి ఇంజన్ చుట్టూ ఉన్న ప్రతి మూలకీ, మంట చావడానికి సరిపడా, ఒకే టైముకి చేరిందా లేదా అన్నది వేరే సంగతి, దానికి వేరే టెస్ట్ ఉంది, చాలామందికి దాని గురించి పుస్తకంలో రెండు లైన్లు తప్ప తెలీదు. అంచేత ఆ టెస్ట్ ఎలా ప్లాన్ చేస్తారో, ఎలా చేస్తారో, గ్రాఫ్ ఎలా చదువుతారో వరసగా రాస్తున్నా.

ముందే ఒక మాట. అసలు విమానం మీద ఇది చేసేది లైసెన్స్ ఉన్నవాళ్ళు, అప్రూవ్ అయిన టెస్ట్ ప్లాన్‌తో, సివిల్ అయితే విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ, మిలిటరీ అయితే మిలిటరీ విమానాలకి సర్టిఫికెట్ ఇచ్చే సెమిలాక్ ఒప్పుకున్నాకే. స్టూడెంట్లు చేసుకోగలిగిన చిన్న మోడల్ ఒకటి చివర్లో చెప్తాను, అందులో మంట ఉండదు. పెట్రోల్ పోసి వెలిగించి చూద్దాం అనే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇక్కడే వదిలేయండి.

1. ఏ మంట గురించి టెస్ట్ చేస్తున్నారో ముందు తేల్చుకోండి

ఇంజన్ మంట అని ఒకే మాట అంటాం గానీ అందులో మూడు రకాలున్నాయి, బాటిల్ పనిచేసేది ఒక్కదానికే.

ఒకటి నాసెల్ మంట, నాసెల్ అంటే ఇంజన్‌ని కప్పి ఉంచే గూడు. ఇంజన్ బయట కేసింగ్‌కీ, పైన మూతలా ఉండే కౌలింగ్‌కీ మధ్య ఖాళీ ఉంటుంది చూడండి, ఫ్యూయల్ పంపులు, ఆయిల్ ట్యాంకు, హైడ్రాలిక్ లైన్లు, గేర్‌బాక్సు అన్నీ అక్కడే ఉంటాయి. ఏదో ఒక లైను లీక్ అయి వేడి కేసింగ్ మీద పడితే అక్కడ మంట వస్తుంది. ఫైర్ బాటిల్ ఉన్నది దీనికే.

రెండోది టెయిల్‌పైప్ మంట, ఇంజన్ స్టార్ట్ చేసేటప్పుడు లోపల మిగిలిపోయిన ఫ్యూయల్ అంటుకుని వెనకాల నుంచి మంట బయటకొస్తుంది. ఇది ఇంజన్ లోపలి దారిలో ఉన్న మంట, బాటిల్ గ్యాస్ నాసెల్‌లోకి పోతుంది గానీ ఇక్కడికి రాదు. ఫ్యూయల్ ఆపి స్టార్టర్‌తో ఇంజన్‌ని అలా తిప్పుతూ ఉంటే గాలే దాన్ని ఊదేస్తుంది. దీనికి బాటిల్ వాడితే బాటిల్ దండగ, మంట అలాగే ఉంటుంది.

మూడోది ఇంజన్ భాగం పగిలి బయటకొచ్చి ట్యాంకుకి చిల్లుపడటం. 1985 ఆగస్టు 22న మాంచెస్టర్‌లో అదే జరిగింది, బోయింగ్ 737 టేకాఫ్ పరుగులో ఉండగా ఇంజన్ దహన భాగం పగిలి ఆ ముక్క రెక్క కింది ఫ్యూయల్ ట్యాంకు ప్యానెల్‌ని పగలగొట్టింది, 55 మంది చనిపోయారు. మంట నాసెల్ దాటేసింది, ఇక నాసెల్‌లో ఎంత మంచి బాటిల్ ఉన్నా ఏం చేస్తుంది? టెస్ట్ రిపోర్టులో మొదటి పేజీలోనే ఈ హద్దు రాసుకోండి, మనం కొలిచేది నాసెల్ మంట గురించి మాత్రమే అని.

2. ఫైర్ జోన్ మ్యాపు గీయండి

పెద్ద విమానాల రూల్ అంటే అమెరికా వాళ్ళ పార్ట్ 25, ప్రపంచం అంతా దాదాపు అదే పద్ధతి, అందులో మంట వచ్చే అవకాశం ఉన్న చోట్లకి ఫైర్ జోన్లు అని పేరు పెట్టి చెప్తారు. ఆ జోన్ల చుట్టూ ఫైర్‌వాల్, అంటే మంట దాటకుండా ఆపే గోడ ఉండాలి, ఆ ఫైర్‌వాల్ దాదాపు 1,100 డిగ్రీల సెల్సియస్ మంటని 15 నిమిషాలు ఆపాలి. మీరు చేయాల్సింది, ఆ జోన్ లోపల ఎంత ఖాళీ వాల్యూమ్ ఉందో, గాలి ఎక్కణ్ణుంచి లోపలికొచ్చి ఎక్కణ్ణుంచి బయటికిపోతోందో, సెకనుకి ఎంత గాలి మారుతోందో కాగితం మీద పెట్టడం.

ఎందుకంటే ఇంట్లో సాంబ్రాణి వేసినప్పుడు ఫ్యాన్ ఆపి ఉంటే పొగ గదంతా నిలుస్తుంది, ఫ్యాన్ వేసి కిటికీ తీస్తే ఎంత సాంబ్రాణి వేసినా నిలవదు, నాసెల్ కూడా అంతే. విమానం ఎగురుతున్నప్పుడు చల్లదనం కోసం నాసెల్‌లోకి గాలి ఆగకుండా వస్తూనే ఉంటుంది, బాటిల్ గ్యాస్‌ని కూడా ఆ గాలే తుడిచేసి బయటికి తీసుకుపోతుంది.

ఇంకోటి, నాసెల్ లోపల నున్నగా ఉండదు. ఫ్రేములు, రిబ్బులు, బ్రాకెట్లు, వైర్ల కట్టలు. వీటి వెనకాల గాలి సుడి తిరుగుతూ ఉంటుంది, మంట కూడా వెళ్ళి అక్కడే పట్టుకుని కూర్చుంటుంది. బయట తిన్నగా పోయే గాలిలో మంట తొందరగా ఆరిపోతుంది గానీ రిబ్బు వెనకాల పట్టుకున్న మంటని ఆర్పాలంటే గ్యాస్ ఆ సుడిలోకి వెళ్ళాలి, కాసేపు ఉండాలి. మ్యాపులో అలాంటి మూలలన్నిటికీ ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టండి, తర్వాత గ్యాస్ కొలిచే ట్యూబులు, అంటే ప్రోబులు పెట్టేది అక్కడే.

3. పాస్ మార్కు ఏంటో తెలుసుకోండి

ఇప్పటికీ ఎక్కువ విమానాల్లో ఇంజన్ బాటిల్లో ఉన్నది హాలాన్ 1301. ఇది మంటని చల్లార్చడం కన్నా ముఖ్యంగా మంటలో జరిగే రసాయన గొలుసుని తెంచుతుంది, అందులోని బ్రోమిన్ ఆ పని చేస్తుంది. అందుకే తక్కువ గ్యాస్‌తోనే మంట పోతుంది.

అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 1977లో ఇచ్చిన ఏసీ 20-100 అనే గైడెన్స్ ఉంది, ఈ టెస్ట్‌కి అందరూ దాన్నే చూస్తారు. హాలాన్ 1301 అయితే కొలిచిన ప్రతి పాయింట్‌లోనూ వాల్యూమ్ ప్రకారం కనీసం 6 శాతం ఉండాలి, అన్ని పాయింట్లలోనూ ఒకేసారి ఉండాలి, అలా కనీసం అర సెకను ఉండాలి. ఈ మూడు షరతుల్లో రెండోదాన్నే చాలామంది మర్చిపోతారు. పైన మూలలో 6 శాతం వచ్చి పోయాక, కింద మూలలో 6 శాతం వచ్చిందనుకోండి, విడివిడిగా చూస్తే రెండూ పాస్, కలిపి చూస్తే ఫెయిల్, ఎందుకంటే పైన ఆరిన చోటికి కింద ఆరకుండా ఉన్న మంట మళ్ళీ పాకేస్తుంది.

ల్యాబులో చిన్న మంట మీద చూస్తే హెప్టేన్ అనే ఇంధనం మంట ఆర్పడానికి హాలాన్ 1301 సుమారు 3 శాతం చాలు. నాసెల్‌లో దానికి రెట్టింపు అడుగుతున్నారు, ల్యాబులో గ్యాస్ నెమ్మదిగా సమంగా కలుస్తుంది, నాసెల్‌లో అలా కలవదు కాబట్టి ఆ రెట్టింపు విలాసం కాదు, అవసరం.

ఇంకో రూల్ కూడా ఇక్కడే గుర్తుపెట్టుకోండి. మెయిన్ ఇంజన్‌కి రెండు డిశ్చార్జ్‌లు ఉండాలి, రెండిట్లో ప్రతి ఒక్కటీ విడిగా సరిపోవాలి. ఏపీయూకి, అంటే విమానంలో కరెంటు, గాలి ఇచ్చే చిన్న అదనపు ఇంజన్‌కి ఒకటి చాలు. ట్విన్ ఇంజన్ విమానాల్లో చాలావాటికి రెండు బాటిళ్ళుంటాయి, అవే రెండు ఇంజన్లకీ పనికొస్తాయి. మరి ఎడమ ఇంజన్‌కి రెండో బాటిల్ నుంచి వచ్చే పైపు పొడవు ఎక్కువ కావచ్చు, వంపులు ఎక్కువ ఉండొచ్చు. మొదటి బాటిల్ పాసైంది కదా అని రెండోదాన్ని లెక్కలో పాస్ చేసేయకూడదు, ఎక్కువ కష్టమైన దారి ఏదో దాన్నే టెస్ట్ చేయాలి.

4. అన్నిటికన్నా కష్టమైన పరిస్థితి ఎంచుకోండి

హ్యాంగర్లో ఇంజన్ ఆపేసి, గాలి లేకుండా బాటిల్ పేల్చితే ఎవరికైనా బ్రహ్మాండమైన గ్రాఫ్ వస్తుంది, దాంతో ఒరిగేదేం లేదు. నాసెల్‌లోకి గాలి ఎక్కువగా వచ్చే ఫ్లైట్ కండిషన్ ఏదో లెక్కగట్టి, ఆ కండిషన్‌లోనే చేయాలి. నిజంగా ఎగురుతూ చేస్తారు, లేదా నేల మీద బ్లోయర్లతో అంతే గాలి పంపిస్తూ చేస్తారు, రెండోదానికి అయితే ఆ గాలి నిజమైన దానితో సమానమని ముందే రుజువు చూపించాలి.

పైలట్ చేసే పని వరస కూడా టెస్ట్‌లో భాగమే. ఫైర్ హ్యాండిల్ లాగగానే ముందు ఫ్యూయల్ షటాఫ్ వాల్వ్ మూసుకుంటుంది, హైడ్రాలిక్ ఆగుతుంది, ఇంజన్ నుంచి తీసి వాడే బ్లీడ్ గాలి ఆగుతుంది, జనరేటర్ కట్ అవుతుంది, ఆ తర్వాతే బాటిల్ పేలడానికి సిద్ధం. ఎయిర్‌బస్ ఏ320లో అయితే ఫైర్ బటన్ నొక్కాక 10 సెకన్లు ఆగి మొదటి బాటిల్ వేస్తారు, ఇంజన్ స్పీడ్ తగ్గి నాసెల్‌లో గాలి కూడా తగ్గుతుందని, వార్నింగ్ ఇంకా ఉంటే 30 సెకన్ల తర్వాత రెండోది. మీ టెస్ట్‌లో కూడా అదే వరస, అదే టైమింగ్ ఉండాలి. ఎందుకంటే గ్యాస్ అర సెకను ఉండి పోతుంది, వేడి కేసింగ్ మాత్రం వేడిగానే ఉంటుంది, ఫ్యూయల్ ఇంకా కారుతుంటే మళ్ళీ అంటుకుంటుంది. ఫ్యూయల్ ఆపకుండా వేసిన బాటిల్ ఎంత మంచిదైనా మంటకి కొద్దిసేపు విరామం ఇచ్చినట్టే అవుతుంది.

చలి సంగతి కూడా చూడాలి. పైన ఆకాశంలో బాటిల్ మైనస్ డిగ్రీల్లో గడ్డకట్టేంత చల్లగా అయిపోతుంది. హాలాన్ 1301 మరిగే ఉష్ణోగ్రత సుమారు మైనస్ 58 డిగ్రీలు, అందుకే అంత చలిలో కూడా నాజిల్ దాటగానే గ్యాస్ అయిపోతుంది. కొత్తగా వచ్చిన ఎఫ్‌కే-5-1-12 అనే ఏజెంట్, అంటే మంట ఆర్పే పదార్థం, 49 డిగ్రీల దగ్గర మరుగుతుంది, అంటే మామూలు గదిలో అది ద్రవం. చలిలో అది చుక్కలు చుక్కలుగానే పోయి గోడలకి అంటుకుంటుంది తప్ప మూలలకి పాకదు. కొత్త ఏజెంట్ ఏదైనా టెస్ట్ చేస్తుంటే బాటిల్‌ని ముందు బాగా చల్లబరిచి చేయడం తప్పనిసరి, ఎండలో పెట్టిన బాటిల్‌తో వచ్చిన రిజల్ట్‌ని నేనైతే నమ్మను.

5. ప్రోబులు, అనలైజర్

సాధారణంగా 12 పాయింట్లలో కొలుస్తారు. 12 సన్నటి ట్యూబులు నాసెల్ లోపల వేరువేరు చోట్ల పెట్టి వాక్యూమ్ పంపుతో గాలిని పీలుస్తూ అనలైజర్లోకి పంపిస్తారు, పాతరోజుల్లో స్టేథమ్ అనలైజర్, తర్వాత హాలనైజర్. సన్నటి అడ్డు గుండా గ్యాస్ పోయేటప్పుడు ప్రెషర్ ఎంత పడుతుందో చూసి అందులో ఏజెంట్ ఎంత శాతం ఉందో తేలుస్తుంది.

ప్రోబులు ఎక్కడ పెట్టాలి అన్నదే ఈ టెస్ట్‌లో నిజాయితీ బయటపడే చోటు. డిశ్చార్జ్ నాజిల్ ఎదురుగా నాలుగు ప్రోబులు పెట్టేస్తే పాస్ అవ్వడం సులువు. ఫ్యూయల్ పంపు పక్కన, ఫ్యూయల్ లైన్ జాయింట్ల దగ్గర, అట్టడుగున లీకులు పోగయ్యే చోట, పైన మూలలో, ఇందాక ఎర్ర ఇంకుతో గుర్తుపెట్టిన రిబ్బుల వెనకాల, గాలి లోపలికొచ్చే కన్నం దగ్గర పెట్టండి. గాలి కన్నం దగ్గర కొత్త గాలి వస్తూనే ఉంటుంది కాబట్టి అక్కడ 6 శాతం నిలబడటం చాలా కష్టం, అందుకే అక్కడ ప్రోబ్ పెట్టాలి.

క్యాలిబ్రేషన్ రెండు చివర్లా చేయండి, ఉత్త గాలికి సున్నా, ఉత్త ఏజెంట్‌కి వంద. ట్యూబుల పొడవు అన్నిటికీ ఒకటే ఉండాలి, లేకపోతే గ్యాస్ అనలైజర్ దాకా రావడానికి ఒక్కోదానికి ఒక్కో టైము పడుతుంది, మనం చూస్తున్నదేమో అర సెకను లెక్క, అప్పుడు "ఒకేసారి" అన్న షరతుకి అర్థమే ఉండదు. పొడవు తేడా తప్పనిసరి అయితే ఒక్కో ట్యూబు ఆలస్యం ముందే కొలిచి డేటాలో సరిచేయండి.

6. హాలాన్‌ని ఊరికే గాల్లో వదలొద్దు

హాలాన్ ఓజోన్ పొరని బాగా తినేస్తుంది. 1987 మాంట్రియల్ ప్రోటోకాల్ తర్వాత ధనిక దేశాల్లో తయారీ 1994కి ఆగిపోయింది, మనలాంటి దేశాల్లో 2010కి. ఇప్పుడు విమానాలకి వాడేదంతా పాత స్టాకు, తిరిగి శుభ్రం చేసిన స్టాకు. ఇక టెస్ట్ కోసం కిలోలకి కిలోలు గాల్లోకి వదలడం తప్పు, దాని బదులు హెచ్‌ఎఫ్‌సీ-125 అనే గ్యాస్ వాడొచ్చు. ఇది పైపుల్లో, గాల్లో హాలాన్ 1301 లాగే ప్రవర్తిస్తుంది, హాలాన్ బరువులో 77 శాతం బరువు నింపితే రెండూ దాదాపు ఒకేలా పరుచుకుంటాయని ఎఫ్‌ఏఏ వాళ్ళు చూపించారు.

ఇక్కడ పిల్లలు కన్‌ఫ్యూజ్ అవుతారు. హెచ్‌ఎఫ్‌సీ-125ని హాలాన్‌కి డూప్‌గా వాడటం ఒక పని, అదే హెచ్‌ఎఫ్‌సీ-125ని మంట ఆర్పడానికి వాడటం ఇంకో పని. మంట ఆర్పాలంటే దానికి హాలాన్ కన్నా మూడు రెట్లు దాకా ఎక్కువ శాతం కావాలి, బాటిల్ పెద్దదవుతుంది, బరువు పెరుగుతుంది. అయినా ఎఫ్-22, ఎఫ్-18 ఇ/ఎఫ్ లాంటి యుద్ధ విమానాల్లో దాన్నే పెట్టుకున్నారు.

7. పేల్చే రోజు

బాటిల్ తల దగ్గర ఉండే స్క్విబ్ అంటే చిన్న పేలుడు కార్ట్రిడ్జ్. కరెంటు రాగానే పేలి, మూత చీల్చి, నైట్రోజన్ ప్రెషర్‌తో గ్యాస్ బయటికి పోతుంది. కనెక్టర్ పెట్టేముందు ఆ వైర్లో వోల్టేజ్ లేదని మీటర్‌తో చూడాలి, షార్టింగ్ క్యాప్ చివరి నిమిషం దాకా తీయకూడదు, చేతికి స్టాటిక్ స్ట్రాప్ ఉండాలి, స్క్విబ్ ఎక్స్‌పైరీ డేట్ చూడాలి. మామూలు మల్టీమీటర్‌తో స్క్విబ్ రెసిస్టెన్స్ చూడటం అసలు వద్దు, మీటర్ ఇచ్చే కరెంటుకే అది పేలొచ్చు, దానికి మాన్యువల్లో చెప్పిన మీటర్ వేరే ఉంటుంది.

బాటిల్‌ని ముందు తూచండి, పేలాక మళ్ళీ తూచండి. తేడానే నిజంగా పోయిన ఏజెంట్. రికార్డింగ్ పేల్చడానికి కొన్ని సెకన్ల ముందే మొదలెట్టి, గ్రాఫ్ మళ్ళీ సున్నాకి వచ్చేదాకా ఆపకండి. ఇంజన్ ఆర్‌పీఎమ్, గాలి వేగం, బాటిల్ ఉష్ణోగ్రత, ఎత్తు అన్నీ అదే టైం స్టాంపుతో రావాలి.

8. గ్రాఫ్ చదవడం

12 గీతలు వస్తాయి. ఒక్కోటి సున్నా నుంచి లేచి, ఒక శిఖరానికి పోయి, మెల్లగా పడుతుంది. 6 శాతం దగ్గర అడ్డంగా ఒక గీత గీయండి. అన్నిటికన్నా ఆలస్యంగా ఆ గీత దాటి పైకొచ్చిన ప్రోబ్ ఏది, ఆ టైం రాసుకోండి. అన్నిటికన్నా ముందు ఆ గీత కిందకి పడిపోయిన ప్రోబ్ ఏది, ఆ టైం రాసుకోండి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే వచ్చేదే మీ రిజల్ట్.

ఉదాహరణకి 7వ ప్రోబ్ ఆలస్యంగా 1.1 సెకను దగ్గర 6 దాటిందనుకుందాం, 3వ ప్రోబ్ 1.4 దగ్గరే కిందకి దిగిపోయిందనుకుందాం. అంటే అందరూ కలిసి పైన ఉన్నది 0.3 సెకను. ఫెయిల్. సగటు తీస్తే 9 శాతం వచ్చింది సార్ అంటారు కొందరు, సగటుకి ఇక్కడ విలువ లేదు, మంట సగటు చోట అంటుకోదు.

ఫెయిల్ అయితే వెంటనే బాటిల్ పెద్దది చేద్దాం అనుకోకండి, బరువు ఊరికే పెరుగుతుంది. ముందు ఆ రెండు గీతల్ని చూడండి. 7 ఆలస్యంగా వచ్చిందంటే గ్యాస్ అక్కడికి చేరడానికి దారి లేదు, నాజిల్ దిశ మార్చడమో ఇంకో నాజిల్ పెట్టడమో చేయాలి. 3 తొందరగా పడిపోయిందంటే అక్కడ గాలి ఎక్కువ తుడిచేస్తోంది. శిఖరాలే అన్నిచోట్లా తక్కువగా ఉంటే అప్పుడు ఏజెంట్ చాలలేదని అర్థం. గ్రాఫ్ ఆకారం చూసి జబ్బు ఏంటో చెప్పగలగడమే ఈ పనిలో అసలు నైపుణ్యం, ఒట్టి పాస్ ఫెయిల్ చెప్పడం ఎవరైనా చేస్తారు.

9. నిజం మంటతో టెస్ట్ ఎప్పుడు

హాలాన్‌కి 6 శాతం అని తెలుసు కాబట్టి దానికి మంట పెట్టక్కర్లేదు, గ్యాస్ కొలిస్తే చాలు. కొత్త ఏజెంట్ వస్తే మాత్రం దానికి ఎంత శాతం కావాలో ఎవరికీ తెలీదు, అప్పుడు మంట కావాలి. ఎఫ్‌ఏఏకి న్యూజెర్సీలో అట్లాంటిక్ సిటీ దగ్గర టెక్నికల్ సెంటర్ ఉంది, అక్కడ నాసెల్ ఫైర్ సిమ్యులేటర్ కట్టారు. దాంట్లో నిజమైన గాలి వేగంతో రెండు రకాల మంట పెడతారు, నాజిల్ నుంచి చిమ్మే స్ప్రే మంట, అడుగున పళ్ళెంలో నిలిచిన పూల్ మంట. ఫ్యూయల్, ఆయిల్, హైడ్రాలిక్ ద్రవం మార్చి మార్చి పెడతారు.

మంట ఆరిందా లేదా అని మాత్రమే చూడరు. మంట ఆరాక కూడా స్ప్రే అలాగే కొడుతూ ఉంటారు, పక్కన వేడి ప్లేటు ఉంటుంది, మళ్ళీ ఎంత సేపటికి అంటుకుందో కొలుస్తారు. హాలాన్ వేస్తే ఎంత ఆలస్యంగా మళ్ళీ అంటుకుందో, కొత్తది కూడా కనీసం అంత ఆలస్యం చేయాలి, దాన్ని బట్టి కొత్తదానికి శాతం ఖాయం చేస్తారు. నాకు ఈ పద్ధతి చాలా నచ్చుతుంది, పూర్తిగా ఆరిపోయిందని గొప్ప చెప్పుకోవడం కన్నా పైలట్‌కి ఎంత టైం ఇచ్చిందన్నది నిజాయితీ ఉన్న కొలత.

10. టెస్ట్ పాసయ్యాక, రోజూ వారీ చూసేవి

విమానం సర్వీసులోకి వచ్చాక ప్రతిసారీ బాటిల్ పేల్చరు కదా. అప్పుడు మీ చేతిలో ఉన్నవి బరువు, ప్రెషర్, స్క్విబ్ డేటు, సర్క్యూట్ టెస్ట్, హైడ్రోస్టాటిక్ టెస్ట్ (నీటి ప్రెషర్‌తో బాటిల్ గట్టిదనం చూడటం) డేటు, పైపుల్లో అడ్డం ఏమైనా ఉందా అని ఊది చూడటం.

ప్రెషర్ విషయంలో మన ఏరియా వాళ్ళకి ఒకటి బాగా అర్థమవుతుంది. బాటిళ్ళు చాలావరకు 21 డిగ్రీల దగ్గర 600 పీఎస్ఐ లెక్కన నింపుతారు. కోరాపుట్ కొండ మీద జనవరి పొద్దున్న పది డిగ్రీల లోపు ఉంటుంది, అదే బాటిల్ మే నెల మధ్యాహ్నం బరంపురం ఎండలో ఉంటే ఇంకోలా ఉంటుంది. చలికి గేజ్ తగ్గుతుంది, ఎండకి పెరుగుతుంది, లీక్ అని కంగారుపడి తీసేయడమూ తప్పే, ఎండలో సరిగ్గా 600 చూపిస్తోంది కదా అని వదిలేయడమూ తప్పే. రెండోది ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే ఎండలో 600 ఉందంటే 21 డిగ్రీల దగ్గర అంతకన్నా తక్కువ ఉందని అర్థం, అంటే ఎక్కడో పోతోంది. బాటిల్ పక్కన ఉష్ణోగ్రత కొలిచి, చార్టులో ఆ ఉష్ణోగ్రతకి ఎంత ఉండాలో చూసి, అప్పుడు పోల్చండి. ప్రెషర్ నైట్రోజన్‌ది కూడా కాబట్టి ఏజెంట్ తగ్గిపోయినా ప్రెషర్ బాగానే కనిపించొచ్చు, అందుకే తూకం తప్పదు.

737లో టెస్ట్ స్విచ్ తిప్పితే మూడు పచ్చ లైట్లు వెలుగుతాయి, ఎడమ బాటిల్, కుడి బాటిల్, ఏపీయూ. అది స్క్విబ్ దాకా సర్క్యూట్ బాగుందని మాత్రమే. బాటిల్ మార్చాక లేదా వైరింగ్ ముట్టుకున్నాక ఎడమ హ్యాండిల్‌కి ఎడమ ఇంజన్ లైనే కలిసిందా అని చివరి నుంచి చివరికి చూడండి, కనెక్టర్లు తారుమారు అయినా లైట్లు పచ్చగానే వెలుగుతాయి.

గ్యాస్ స్వచ్ఛత కూడా చూడాలి, తిరిగి శుభ్రం చేసిన హాలాన్ 1301 అయితే 99.6 శాతం స్వచ్ఛంగా ఉండాలి. 2009లో యూరప్‌లో చేతి ఎక్స్‌టింగ్విషర్లలోకి కల్తీ హాలాన్ 1211 వెళ్ళిందని బయటపడి, వాటిని తీసేయమని యూరప్ విమాన భద్రతా సంస్థ ఈయాసా ఆదేశాలిచ్చింది. తూకం సరిపోయింది, ప్రెషర్ సరిపోయింది, లోపల ఉన్నదే తప్పు. అంచేత సర్టిఫికెట్ కాపీ అడగండి, ల్యాబ్ రిపోర్ట్ అడగండి, మొహమాటపడొద్దు.

స్టూడెంట్లు చేసుకోగల మోడల్

మంట లేకుండా, కాలేజీ వర్క్‌షాపులో, సార్ ఎదురుగా, తలుపులు కిటికీలు తీసి. ప్లైవుడ్, అక్రిలిక్ షీటుతో నాసెల్ లాంటి అర్ధ చక్రాకారం పెట్టె చేయండి, లోపల చెక్క పట్టీలతో రిబ్బులు పెట్టండి, ఒక చివర ఎగ్జాస్ట్ ఫ్యాన్. హాలాన్ బదులు కార్బన్ డయాక్సైడ్, చిన్న సిలిండర్ నుంచి వాల్వ్‌తో ఒక సెకను వదలండి. ఆరు చోట్ల సీఓ2 సెన్సర్లు పెట్టి రికార్డ్ చేయండి.

సెన్సర్ కొనేటప్పుడు రేంజ్ శాతాల్లో ఉందో లేదో చూడండి, గది గాలి కొలిచే సెన్సర్లు 5,000 పీపీఎమ్ దగ్గర ఆగిపోతాయి, అంటే అర శాతం. రెస్పాన్స్ టైం కూడా చూడండి, చవక సెన్సర్లకి చాలా సెకన్లు పడుతుంది, వాటితో అర సెకను సంగతి తేలదు, కానీ ఏ మూలకి ఎక్కువ చేరింది ఏ మూలకి తక్కువ అన్నది బాగా తేలుతుంది. ఫ్యాన్ స్పీడ్ మార్చి, రిబ్బులు తీసి, పెట్టి, నాజిల్ దిశ తిప్పి చూడండి, 8వ స్టెప్పులో చెప్పిన గ్రాఫ్ ఆకారాలు అప్పుడు మీ చేతిలో మీకే వస్తాయి. కార్బన్ డయాక్సైడ్ బరువైన గ్యాస్, కింద పోగవుతుంది, 10 శాతం దాటితే మనిషి స్పృహ తప్పుతాడు, పెట్టెలోకి తల పెట్టి చూడటం, మూసిన గదిలో చేయడం వద్దు.

నేల మీద వాడే ఎక్స్‌టింగ్విషర్లు

తొమ్మిది సీట్ల సెస్నా కారవాన్ లాంటి సింగిల్ ఇంజన్ విమానంలో ఇంజన్‌కి ఫైర్ బాటిల్ అసలు ఉండదు. వార్నింగ్ ఉంటుంది, మంట వస్తే పైలట్ ఫ్యూయల్ ఆపి, ప్రొపెల్లర్ ఫెదర్ చేసి (రెక్కలు గాలికి అడ్డు పడకుండా తిప్పి), క్యాబిన్ హీట్ మూసి దిగిపోవాలి. అలాంటి చోట ర్యాంప్, అంటే విమానాలు ఆపే చోటు మీద నిలబెట్టిన ట్రాలీ ఎక్స్‌టింగ్విషరే నేల మీది ఇంజన్ మంటకి దిక్కు, అందుకే దాన్ని చిన్నచూపు చూడొద్దు.

మన దగ్గర చేతి ఎక్స్‌టింగ్విషర్లకి స్టాండర్డ్ ఐఎస్ 15683, మెయింటెనెన్స్‌కి ఐఎస్ 2190. సిలిండర్ మీద 34బి, 55బి, 144బి, 233బి అని ఉంటుంది చూడండి, ఆ నంబరు టెస్ట్ పళ్ళెంలో పోసే ద్రవం లీటర్లు, మూడో వంతు నీళ్ళు, మిగతాది హెప్టేన్ లాంటి ఇంధనం. 233బి అంటే పళ్ళెం 7 చదరపు మీటర్ల పైమాటే. ఆ మంట నిలకడగా ఉన్న పళ్ళెం మీద, ట్రైనింగ్ ఉన్న మనిషి ఆర్పిన లెక్క. ఇంజన్ కౌలింగ్ లోపల, ఎత్తులో, గాలిలో ఉన్న మంట అంత తేలిక కాదు, కాబట్టి రేటింగ్ పెద్దదే పెట్టండి.

ఏది వాడాలి అన్నది కూడా ముందే నిర్ణయించుకోండి. కార్బన్ డయాక్సైడ్, క్లీన్ ఏజెంట్ అయితే ఇంజన్‌లో ఏం మిగలదు. పౌడర్ మంటని బాగా కొడుతుంది గానీ లోపలికి పోయి తేమతో కలిసి లోహాన్ని తినేస్తుంది. మనుషులు లోపలున్నప్పుడు, క్లీన్ ఏజెంట్‌తో ఆరకపోతే, పౌడర్ కొట్టడానికి ఒక్క క్షణం కూడా ఆలోచించకండి, ఇంజన్ కన్నా మనిషి ముఖ్యం. కొట్టాక మాత్రం ఏ ఎక్స్‌టింగ్విషర్ వాడారో, ఏ కన్నం నుంచి లోపలికి పోయిందో, ఏ టైముకి కొట్టారో లాగ్‌బుక్‌లో రాయండి, ఇంజన్ విప్పి కడిగి ఇన్‌స్పెక్షన్ అయ్యేదాకా స్టార్ట్ చేయొద్దని కాక్‌పిట్‌లో ట్యాగ్ కట్టండి.